ఊరడిగిన బడి

ఇబ్రహీంపట్నం బడి గేటుకు కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. "బడి ఈడు పిల్లలందరూ బడిలోనే ఉండాలి" అని దాని మీద పెద్ద అక్షరాలు. ఆ ఫ్లెక్సీ కిందే, జూన్ ఎండలో, లేబర్ క్యాంపు నుంచి వచ్చిన తల్లులు పిల్లల్ని పట్టుకుని నిలబడ్డారు. పిల్లల తలలకు నూనె రాసి, ఉన్నవాటిలో మంచి బట్టలు తొడిగి తీసుకొచ్చారు. హెడ్మాస్టర్ పరమేశ్వర్ సార్ లోపలి నుంచి వచ్చి, గేటు తీయకుండానే కమ్మీల సందులోంచి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మీదే ఊరు?"

నా పేరు బాలరాజ్. భవన నిర్మాణ కార్మికుల యూనియన్‌లో పనిచేస్తాను. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, చూసిందే చెబుతున్నాను. గోడలు కట్టే అన్నలకూ అక్కలకూ ఇది కొత్త సంగతి కాదు. కాలేజీల్లో చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ మాత్రం కాస్త దగ్గరికి జరిగి వినండి. మీరు కూర్చున్న బెంచీల కథే ఇది.

వరుసలో అందరికంటే ముందు పోశమ్మ ఉంది. ఆమెకు ఒకవైపు పదేళ్ల కూతురు శివాని, ఇంకోవైపు ఐదేళ్లు నిండిన కొడుకు కుర్మయ్య. కురుమూర్తి సామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు.

"దేవరకద్ర దిక్కు సార్. పాలమూరు జిల్ల," అంది పోశమ్మ సంబరంగా. ఇటువైపు వచ్చాక ఆమెను ఊరు అడిగిన మొదటి పెద్దమనిషి ఆయనే మరి.

"మీ ఊర్ల బడి లేదా?"

"ఉన్నది సార్. మస్తుగున్నది. మా శివాని ఆడ్నే నాలుగు దాంక సదివింది."

"మరింకేంది? ఆడ్నే సదివియ్యుండ్రి. గిది ఈ ఊరి పిల్లల బడి."

పోశమ్మ పిల్లల్ని పట్టుకుని పక్కకు జరిగింది. వెనక ఉన్న ఆమె నారాయణపేట అంది, ఆ వెనక ఆమె మక్తల్ అంది. చివర్న తాయారు నిలబడి ఉంది. ఆమె భర్త వెంకటసుబ్బారావు సెంట్రింగ్ పని చేస్తాడు. కూతురు లాస్యను రెండో తరగతిలో చేర్పించాలని వచ్చింది.

"మాది అమలాపురం దగ్గరండి. కాకపోతే పెళ్లయిన కాణ్ణించీ ఈ చుట్టుపక్కలే ఉంటన్నామండి."

"అమలాపురం," అన్నాడు సార్, అదే జవాబైనట్టు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. మన కూలిజనాన్ని ఊరు అడిగితే ఎప్పుడూ పుట్టిన ఊరే చెబుతారు. ఇరవై ఏళ్లు ఒకేచోట రాళ్లు మోసినా ఆ చోటును మా ఊరు అనరు. అది సైటు, అంతే. సార్ అడిగాడు, వీళ్లు నిజం చెప్పారు. ఆ నిజాన్నే పట్టుకుని సార్ గేటు తీయలేదు. నాకు మొదట్నుంచీ కోపం ఎక్కువ. గేటు పట్టుకుని గట్టిగా ఊపాను.

"సార్, టీసీ లేకున్న, ఏ ఊరోళ్లయిన, బడి ఈడు పిల్లల్ని చేర్చుకోవాలని చట్టమున్నది. నీకు ఎరక లేదా?"

"చట్టం నాకు చెప్తున్నవా బాలరాజ్?" అన్నాడాయన. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "వీళ్లు స్లాబులు అయిపోంగనే ఇంకో సైటుకు పోతరు. పోయిన పిల్లలందరు నా లెక్కల డ్రాపవుట్లు. పైనోళ్లు అడిగేది నన్ను. నువ్వొచ్చి చెప్తవా జవాబు?"

ఆయన అలా మాట్లాడుతుంటే ఆయన వెనక కొత్త ప్రహరీ గోడ కనిపిస్తూనే ఉంది. ఆ గోడను ఊరి పక్కన విల్లాలు కడుతున్న కంపెనీ కట్టించి ఇచ్చింది. అదే కంపెనీ కాంట్రాక్టర్ దయాకర్ ఈ క్యాంపుకు యజమాని. పిల్లలు బడిలో ఉంటే తల్లిదండ్రులు కుదురుకుంటారు. రేపు నాదర్‌గుల్ సైటుకు నడవండి అంటే, పరీక్షలు కానీ, అంటారు. అది దయాకర్‌కు గిట్టదు. పైగా పెద్దపిల్లలు చిన్నపిల్లల్ని చూసుకుంటారు, గోడలకు నీళ్లు కొడతారు, కూలి అడగరు. పిల్లల్ని బడికి పిలుస్తూ టీచర్లు తీసిన బడిబాట ఊరేగింపు ఊరంతా తిరిగి క్యాంపు గేటు దగ్గరికి రాగానే ఎందుకు వెనక్కి మళ్లిందో ఇప్పుడు అర్థమైంది కదా.

ఆ సాయంత్రం పని దిగాక క్యాంపులో మీటింగు పెట్టాను. రేకుల షెడ్ల మధ్య ఇసుక కుప్ప మీద ఆడవాళ్లు కూర్చున్నారు. మగవాళ్లు కాళ్లకున్న సిమెంటు కడుక్కుంటూ ఒక్కొక్కరే వచ్చారు.

"రేపు మళ్ల పోదాం," అన్నాను. "మీదే ఊరు అంటే, ఇబ్రహీంపట్నం అనుండ్రి. గంతే. ఈడ ఉంటున్నరు, ఈడ పని చేస్తున్నరు, ఇదే మీ ఊరు."

పోశమ్మ భర్త శివయ్య తల గోక్కుంటూ లేచాడు.

"అట్లెట్ల అంటమే అన్నా? ఊరు మార్చి చెప్పుమంటవా? ఊరంటే మనోళ్ల బొందలున్న జాగ. మా తాత, మా నాయిన ఆడ్నే మన్నుల పండుకున్నరు. ఈడ మాకేమున్నది? రేకులున్నయ్, కమ్మీలున్నయ్."

"పిల్లల కోసం ఒక్క మాట అంటే నోరు పడిపోద్దేటి శివయ్యా?" అంది తాయారు.

"మీకేందక్కా," అని వెనక నుంచి ఎవడో కుర్రాడు అరిచాడు. "ఆంధ్రోళ్లు యాడికి పోతే ఆడ మాదే అంటరు!"

పకపకా నవ్వారు. వెంకటసుబ్బారావు ముఖం ఎర్రబడింది. "ఏరా, నీ పక్కనే పరంజా మీద నిలబడి చస్తన్నాను. నన్నేం చూసి అన్నావురా ఆ మాట?" అని మీదికి పోయాడు. ఇద్దర్నీ పట్టుకుని విడదీశాం. మీటింగు అక్కడితో చెదిరిపోయింది. ఇటు పాలమూరు షెడ్లు, అటు ఆంధ్రా షెడ్లు. మధ్యలో ఇసుక కుప్ప మీద నేనొక్కణ్ణే మిగిలాను. దయాకర్ పైసా ఖర్చు లేకుండా గెలిచాడని ఒళ్లు మండింది.

మర్నాడు బడికి ఎవరూ పోలేదు. ఆ వారం వానలు పడ్డాయి. లిఫ్టు కోసం తవ్విన గుంతలో నీళ్లు నిలిచాయి. చుట్టూ రేకులు పెట్టమని తాయారు మేస్త్రితో చెప్పింది, శివయ్య చెప్పాడు, నేనూ ఫోన్ చేసి చెప్పాను. స్లాబు అయిపోనీ, తర్వాత చూద్దాం అన్నారు.

స్లాబు రోజు అందరూ పైనే ఉన్నారు. స్లాబు పోయడం మొదలైతే తల్లి చంటిబిడ్డకు పాలివ్వడానికి కూడా కిందికి దిగనివ్వరు. కింద పిల్లలందరినీ శివానికి అప్పగించారు. వాళ్లలో ఒక చిన్నది దాహం అని ఏడిస్తే శివాని డ్రమ్ము దగ్గరికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి తమ్ముడు లేడు. గుంత నీళ్ల మీద ఒక చెప్పు తేలుతోంది.

పిల్ల వేసిన కేకకు పైనుంచి మొదట దూకింది వెంకటసుబ్బారావు. సెంట్రింగ్ కర్రలు పట్టుకుని జారి, గుంతలోకి దిగి, బురదలో చేతులతో వెతికి, కుర్మయ్యను పైకి తెచ్చాడు. నోట్లో నోరు పెట్టి ఊదాడు. తలకిందులు చేసి వీపు చరిచాడు. పోశమ్మ మెట్ల మీద పడుతూ లేస్తూ వచ్చింది. దయాకర్ పైనే నిలబడి అరుస్తున్నాడు.

"మిషన్ బంద్ చెయ్యకుండ్రి! సగంల ఆపితే స్లాబుకు జాయింటు పడ్తది!"

అవును, అక్షరాలా అవే మాటలు, పైనున్నవాళ్లంతా విని చెప్పారు. స్లాబుకు జాయింటు పడకూడదు, అతుకులోంచి నీళ్లు కారతాయి. కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతూనే ఉంది. కింద పిల్లాడు చల్లబడిపోయాడు.

శివయ్య పార విసిరేశాడు. వెనక ఉన్న వాళ్లూ విసిరేశారు. మిల్లరు నడిపే కుర్రాడు, మీటింగులో ఆంధ్రోళ్లు అని అరిచినవాడే, స్విచ్చు కట్టేసి గుంత దగ్గరికి వచ్చాడు. తడి బట్టలతో వణుకుతున్న వెంకటసుబ్బారావు భుజం మీద తన తువ్వాలు కప్పాడు.

ఆస్పత్రికి తీసుకుపోతే లేడన్నారు. కాగితాలన్నీ అయ్యాక బయటికి వచ్చేసరికి దయాకర్ బొలెరో సిద్ధంగా ఉంది. వెనక సీట్లో తెల్లగుడ్డ పరిచి ఉంది, డ్రైవర్ స్టీరింగు దగ్గర కూర్చుని ఉన్నాడు.

"అయ్యింది అయ్యింది," అన్నాడు దయాకర్, పోశమ్మ ముఖం చూడకుండా. "ఊరి బిడ్డను ఊరికే తీస్కపోవాలె. గదే ధర్మం. బండి నాది, ఖర్చు నాది. మీ గుంపంత పోండ్రి. దినాలు అయినంక చూద్దాం, రావాల్నో వద్దో."

ఎంత దయ! పిల్లాడి శవంతో పాటు గుంపునంతా ఊరు దాటిస్తే ఇక్కడ ఎవడూ గుంత గురించి అడగడు. శివయ్య కొడుకును చేతుల్లో పట్టుకుని బండి వైపు నడిచాడు. ఏడుపులో అతనికి ఏదీ కనబడటం లేదు. పోశమ్మ వెళ్లి బండి ముందు కూర్చుంది.

"పోను," అంది.

"లే పోశీ. నాయిన పక్కన పెడ్దాం పిల్లగాన్ని. లే."

"ఈడ్నే పెడ్దాం."

"పిచ్చి లేసిందా నీకు? పరాయి మన్నుల పెడ్తమా?"

"నువ్వే అంటివి కద, ఊరంటే బొందలున్న జాగ అని!" అంది పోశమ్మ, బండి ముందు నుంచి లేవకుండానే. "వీన్ని తీస్కపోయి ఆడ పెడితే, శివాని ఈడ ఏ ఊరిదైతది? రేపు అది ఏ గుంతల పడాలె? చెప్పు! ఈ ఊరి పేరు చెప్పుకోనీకె ఈడ మనకు ఇంకేమున్నదే? వీడే ఉన్నడు."

శివయ్య అక్కడే కూలబడ్డాడు. పిల్లాణ్ణి ఒడిలో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. మేమంతా ఏడ్చాం. చెప్పడానికి నాకు సిగ్గు లేదు. తర్వాత శివయ్య లేచి, బొలెరోకు వీపు తిప్పి, ఊరి శ్మశానం, బొందలగడ్డ, ఎటువైపు అని నన్ను అడిగాడు.

బొందలగడ్డ దగ్గర ఊరి మగవాళ్లు కొందరు అడ్డం వచ్చారు. "బయటోళ్లను ఈడ పెట్టనియ్యం. మావోళ్లకే జాగ సాలుతలేదు," అన్నారు. అబద్ధం కాదు. విల్లాల గోడ ఆ గడ్డలోకి చొచ్చుకు వచ్చింది. నేను ఏదో వాదించబోయాను. అంతలో నర్సింహమ్మ వచ్చింది. ఆమెది ఈ ఊరే, బడిలో మధ్యాహ్నం వంట చేస్తుంది. కబురు విని, చేతికి అంటిన పిండితో అలాగే వచ్చింది.

"పసిగుడ్డు పండుకోనీకె ఎంత జాగ గావాలెరా?" అంది వాళ్లను. "కంపెనోడు గోడ లోపటికి జరిపినప్పుడు ఏడికి పోయిండ్రు మీరు? గప్పుడు రాని నోరు గీ తల్లి మీదికి వచ్చిందా? సిగ్గుండాలె. పార తేండ్రి."

వాళ్లు తలలు దించుకున్నారు. వాళ్లలో ఒకడు ఇంటికి వెళ్లి పార తెచ్చి తానే తవ్వడం మొదలుపెట్టాడు. ఒకవైపు అతను, ఇంకోవైపు వెంకటసుబ్బారావు. శివయ్యను తవ్వనివ్వలేదు. శివాని దూరంగా నిలబడింది. మట్టి పోసేటప్పుడు ముందుకొచ్చి, "అమ్మా, నేను నీళ్లకు పోకుంటే," అంది. పోశమ్మ కూతురి నోటిని చేత్తో మూసి, "నీ తప్పు గాదు. నిన్ను కాపల పెట్టినోళ్లది తప్పు," అంది.

ఆ రెండు రోజులూ క్యాంపులో పని సాగలేదు. గుంత కథ చెప్పడానికి నేనూ, వెంకటసుబ్బారావూ తుర్కయాంజాల్ క్యాంపుకు వెళ్లాం. అక్కడి తల్లులు విని, తమ సైటులోనూ మూతలేని గుంతలు ఉన్నాయన్నారు. తమ పిల్లలూ ఊరు చెప్పి వెనక్కి వచ్చినవాళ్లే అన్నారు. ఎప్పుడు రమ్మంటారో చెప్పండి అన్నారు. కబురు పెడతామన్నాం.

మూడోనాడు పొద్దున పాలు పోయడానికి బొందలగడ్డకు క్యాంపంతా కదిలింది. పాలమూరు షెడ్లు, ఆంధ్రా షెడ్లు అని తేడా లేదు. పాలు పోసి, దండం పెట్టి, అందరూ ఇళ్లకు మళ్లుతారనుకుంటే పోశమ్మ బడి దారి పట్టింది. పిల్లలంతా ఆమె వెనక, తల్లులు పిల్లల వెనక, చివర్న మేము. నినాదం ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వాలని నాకూ అనిపించలేదు. ఊరి జనం దుకాణాల ముందు లేచి నిలబడి చూశారు.

గేటు దగ్గర పరమేశ్వర్ సార్ ఉన్నాడు. మమ్మల్ని చూసి కమ్మీలు పట్టుకున్నాడు. పోశమ్మ ఆయన ఎదుట నిలబడింది. చేతులకు ఇంకా బొంద మట్టి ఉంది.

"అడుగు సార్," అంది.

ఆయన చూపు గేటు తాళం వైపు తిప్పుకున్నాడు.

"మొన్న అడిగినవ్ కద. ఇయ్యాల అడుగు."

"అమ్మా, నాకు తెలిసింది. శాన బాధైంది..."

"బాధ వద్దు సార్. అడుగు."

ఆయన అడగలేకపోయాడు. ఆమే చెప్పింది. "ఇబ్రహీంపట్నం సార్. నా కొడుకు మీ బొందలగడ్డల ఉన్నడు. ఈ ఊరిడిసి నేను యాడికి పోను. నా బిడ్డను చేర్చుకో."

ఆమె వెనక శివయ్య వచ్చాడు. "ఇబ్రహీంపట్నం సార్," అన్నాడు. ఊరు మార్చి ఎట్ల చెప్తమన్న మనిషి. మాట గట్టిగానే పలికింది. తాయారు, లాస్య చెయ్యి పట్టుకుని, "ఇబ్రహీంపట్నమండీ," అంది. నారాయణపేట ఆమె అంది, మక్తల్ ఆమె అంది, మిల్లరు కుర్రాడికి పిల్లలే లేరు, వాడూ అన్నాడు. ఊరి జనంలోంచి ఎవరో, "అవ్ సార్, మా ఊరోళ్లే, తియ్యి గేటు," అని అరిచారు.

సార్ చెయ్యి జేబు దాకా పోయి ఆగింది. తాళంచెవి జేబులోనే ఉంది, తీయలేదు. గోడ కట్టించినవాళ్లు గుర్తొచ్చారో, పైవాళ్లు గుర్తొచ్చారో. అంతలో లోపలి నుంచి శ్రీనిధి టీచర్ వచ్చింది. ఏడాదికేడాది కాంట్రాక్టు పొడిగించుకుంటూ బతికే చిన్న ఉద్యోగం ఆమెది. సార్ ముందు చెయ్యి చాపింది.

"తాళం ఇయ్యుండ్రి సార్. నా పేరు చెప్పుండ్రి పైన. నేను తీసిన అని చెప్పుండ్రి."

ఆయన ఇచ్చాడు. గేటు తెరుచుకుంది. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ లోపలికి వెళ్లారు. వంటషెడ్డు గుమ్మంలో నిలబడి నర్సింహమ్మ, "మెల్లగ పోండ్రి బిడ్డా, ఇయ్యాల బియ్యం ఎక్కువనే పోసిన," అంది. శివాని ఐదో తరగతి గుమ్మం దాకా వెళ్లి ఆగింది. లోపలికి వెళ్లాలో, చిన్నపిల్లల్ని లెక్కపెట్టాలో దానికి తెలియలేదు. శ్రీనిధి టీచర్ దాని భుజం పట్టుకుని లోపల కూర్చోబెట్టింది.

పోలీసు వ్యాను అప్పుడొచ్చింది. దయాకర్ ఫిర్యాదు ఇచ్చాడట. పని ఆపి నష్టం చేశామట, శవంతో రాజకీయం చేశామట, బడి గేటు మీదికి దౌర్జన్యంగా వచ్చామట. మూతలేని గుంత మాత్రం ఆ ఫిర్యాదులో లేదు. నన్ను మొదట ఎక్కించారు. తర్వాత వెంకటసుబ్బారావును, తాయారును, శివయ్యను. పోశమ్మను ఇద్దరు ఆడ పోలీసులు రెక్కలు పట్టి లాగారు. ఆడవాళ్లు వ్యానుకు అడ్డంగా రోడ్డు మీద కూర్చున్నారు. ఇప్పుడు మాత్రం నినాదాలు లేచాయి. వాళ్లను ఈడ్చి పక్కకు పడేశారు, లాఠీలు లేచాయి, మక్తల్ ఆమె నుదురు పగిలింది.

ఆ గొడవకు శివాని క్లాసులోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మా! అమ్మా!" అంటూ గేటు దాటి వ్యాను వెనక పడింది. పోశమ్మ వ్యాను కిటికీ కమ్మీల్లోంచి ముఖం పెట్టి, కన్నకూతురి మీద పగబట్టినట్టు అరిచింది.

"రాకు! నా ఎంబడి రాకు! బడిల కూసో! పోయి కూసో శివానీ!"

పిల్ల రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. వ్యాను కదిలింది. వెనక అద్దంలోంచి నేను చూస్తూనే ఉన్నాను. నుదుటి రక్తం తుడుచుకుంటూ మక్తల్ ఆమె లేచి శివాని చెయ్యి పట్టుకుంది. దాన్ని మళ్లీ గేటు లోపలికి నడిపించుకుపోయింది.

ఠాణాలో మమ్మల్ని వరండాలో నేల మీద కూర్చోబెట్టారు. ఎస్సై పోశమ్మను ముందుకు పిలిచాడు. కుర్రవాడు, మాట మెత్తగానే ఉంది.

"చూడమ్మా, కొడుకు పోయినోళ్లు, మిమ్మల్ని సతాయించుడు మాకూ ఇష్టం లేదు. మా ఊరికి పోతున్నం అని చెప్పుండ్రి, కేసు లేకుంట ఇడిసిపెడ్త. కాంట్రాక్టర్ బండి గూడ ఇస్తడట. లేదంటే మాత్రం రిమాండుకు పంపాలె. ఆలోచించుకో."

పోశమ్మ శివయ్య వైపు చూసింది. శివయ్య తల అడ్డంగా ఊపాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, ఎస్సై వైపు తిరిగింది.

"సారూ, బడి ఎన్ని గంటలకు ఇడుస్తరు?"

"ఏంది?"

"పిల్లల బడి. ఎన్ని గంటలకు ఇడుస్తరు?"

ఆయన అయోమయంగా గడియారం చూశాడు. "నాలుగింటికి. ఎందుకు?"

"అయితే నాలుగు దాంక నా బిడ్డ ఫికర్ నాకు లేదు," అంది పోశమ్మ. "ఇన్నేండ్లల్ల ఫికర్ లేకుంట కూసున్నది ఇయ్యాల్నే. నాలుగింటికి ఆడ ఆడోళ్లున్నరు, తోల్కపోతరు. రేపు మళ్ల తోలుతరు. ఏం రాసుకుంటరో రాసుకోండ్రి."

అని వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. రోడ్డు మీద ఆటోల చప్పుడు వినిపించింది. సెంట్రీ వెళ్లి చూసి, లోపలికి వచ్చి ఎస్సైకి చెప్పాడు. బడి గేటు తెరిచిన కబురు విని తుర్కయాంజాల్ క్యాంపు నుంచి జనం వచ్చారని, పిల్లల్ని కూడా వెంట తెచ్చుకున్నారని, బడి ఎటువైపు అని అడుగుతున్నారని.